చివరి కుండీ దాకా

గొట్టం కొసని వేణ్ణీళ్ళలో కాసేపు ముంచితే మెత్తబడుతుందనీ, అప్పుడు కుళాయి బిగింపు మీదికి ఇట్టే ఎక్కుతుందనీ మొక్కలకు నీళ్ళు పట్టే డ్రిప్పు సామాను అమ్మినతను చెప్పాడు. అతను చెప్పినప్పుడు తేలిగ్గానే అనిపించింది. ఇప్పుడు బాల్కనీలో ముక్కాలిపీట మీద కూర్చుని, గిన్నెలోంచి తీసిన నల్లగొట్టాన్ని రెండు చేతులతో నెడుతుంటే అది ఎక్కనని మొరాయిస్తోంది. బొటనవేళ్ళు ఎర్రబడ్డాయి. జీవితమంతా దర్జీ పని చేసిన వేళ్ళు, కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించిన వేళ్ళు ఒక ప్లాస్టిక్ గొట్టం ముందు ఓడిపోవడమేమిటని ఆవిడకు నవ్వొచ్చింది. మళ్ళీ ముంచింది. కోడలు వెళ్ళి ఎంతసేపయిందో. గడియారం లోపల గదిలో ఉంది. ఈ మోకాళ్ళతో కూర్చోవడం ఒక పనైతే లేవడం రెండు పనులు, కాబట్టి చూడలేదు. బాల్కనీ కటకటాల నీడ ఇంకా గోడ దాకా పోలేదు, అంటే సాయంత్రం కావడానికి వ్యవధి ఉంది. "వెళ్ళి చెప్పేసి వస్తానత్తయ్యా," అంది కోడలు, గుమ్మంలో చెప్పులేసుకుంటూ. ఏం చెప్పేసి వస్తుందో ఆవిడ అడగలేదు. కళ్ళజోళ్ళ దుకాణం అతను కోడల్ని పెళ్ళి చేసుకుందామా అని అడిగి నెల దాటింది. ఆ అమ్మాయి తొందరపడకుండా ఆలోచించుకుంది, ఇవాళ జవాబు చెప్పడానికి వెళ్ళింది. ఆ జవాబు ఏదైతే బాగుంటుందో చెప్పింది కూడా ఆవిడే. మంచివాడిలా ఉన్నాడు, ఒప్పుకో అమ్మా, అని తన నోటితో తనే అంది, అని, మర్నాడు కోడలు పనికి వెళ్ళగానే అక్కకి ఫోన్ చేసి, నీ దగ్గరికి వచ్చేస్తాను, ఇక అక్కడే ఉంటాను, అని చెప్పింది. ఆదివారం బస్సు. ఆ సంగతి కోడలికి ఇంకా తెలియదు.

గొట్టం ఎక్కింది. ఎక్కనిదల్లా ఒక్కసారిగా జారి లోపలికంటా దిగింది, ఆవిడ పీట మీదే కాస్త ముందుకు తూలింది. పిల్లలు మొండికేసినట్టే మొండికేసి, మనం విసిగి వదిలేద్దామనుకునేసరికి మాట వింటాయి వస్తువులు. కొడుకు అలాగే చేసేవాడు. చొక్కా తొడగబోతే చెయ్యి బిగబట్టుకుని కూర్చునేవాడు, సరే చలికి వణుకు అని లేచిపోతే రెండు చేతులూ చాపేవాడు. ఆ చేతులే పెద్దయ్యాక గ్రీజు పూసుకుని ఊరంతా లిఫ్టులు బాగుచేసేవి. లిఫ్టు మెకానిక్ తెచ్చేది జీతం, మహా అయితే పాత బోల్టులు. వీడు మొక్కలు తెచ్చేవాడు. ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు మంచాలు మోసుకుపోతారు, టీవీలు మోసుకుపోతారు, కుండీలు మాత్రం లిఫ్టు పక్కన వదిలేస్తారమ్మా, వచ్చేపోయేవాళ్ళు వాటిలో సిగరెట్లు ఆర్పుతారు, అనేవాడు. సంచి భుజానికి, కుండీ చంకలో. మళ్ళీ ఒక అనాథని తెచ్చావా అని ఆవిడ సణిగేది, సణుగుతూనే చోటు జరిపేది. అందుకే ఈ బాల్కనీలో ఏ రెండు కుండీలూ ఒక్కలా ఉండవు. రంగు డబ్బాలో కలబంద, మూల విరిగిన వాష్‌బేసిన్‌లో పుదీనా, నడుమెత్తు తొట్టిలో నిమ్మ, పిల్లల బొమ్మల బకెట్‌లో ఏదో పేరు తెలియని తీగ, ఇనుప మెట్ల స్టాండు మీద గులాబీలూ ఫెర్నులూ. ఎండిపోయిందనుకున్న రబ్బరు మొక్కని వాడు తెచ్చిన రోజున, దీనికి ప్రాణం లేదురా అంటే, వేలితో కాండం గీరి లోపలి పచ్చదనం చూపించాడు. మూడేళ్ళ కిందట వానాకాలం చివర జ్వరం వచ్చి, అది తలకెక్కి, వాడే పోయాడు. రబ్బరు మొక్క ఇప్పుడు పైకప్పును తాకుతోంది.

తరువాతి పని కన్నాలు పొడవడం. పెద్ద గొట్టానికి ఎక్కడెక్కడ కుండీ ఎదురవుతుందో అక్కడక్కడ ఒక కన్నం, ఆ కన్నంలో పిల్లగొట్టం, పిల్లగొట్టం చివర నీటిబొట్టు వదిలే చిన్న మూతి. ఆవిడ ముందే బట్టల సుద్దతో గుర్తులు పెట్టుకుంది. కొలత రెండుసార్లు, కోత ఒక్కసారి. ఆల్టరేషన్ల దుకాణంలో కుర్చీ ఎక్కిన మొదటి రోజునుంచీ ఆ మాటే. ఒకసారి పొడిచిన కన్నం మళ్ళీ పూడదు, తోలుకోటు మీద తప్పు కుట్టు పడితే ఊడదీసినా చుక్కలు మిగిలిపోతాయి. కొడుకు పోయిన కొన్నాళ్ళకి కోడలు వాడి చొక్కాలన్నీ మంచం మీద పరిచి, వీటిని నాకు సరిపోయేలా కుట్టిపెడతారా అని అడిగింది. ఇద్దరూ దాని గురించి అంతకు మించి ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ భుజాలు కోసింది, చేతులు కురచ చేసింది, పక్కలు పట్టింది, కాలర్లు మాత్రం ముట్టుకోలేదు. పొద్దున్నే చీకటుండగా ల్యాబులో రక్తాలు తీయడానికి వెళ్ళే ఆ పిల్ల, కోటు లోపల వాడి చొక్కాలు వేసుకుని వెళ్ళేది. వెనకనుంచి చూస్తే ఒక్కోసారి గుండె ఆగేది. చూడకుండా ఉండలేకపోయేది కూడా. ఆ చొక్కాలు వేసుకోవడం ఎప్పుడు మానేసింది? ఫలానా రోజని ఆవిడకు తెలియదు. బట్టలు ఆరేస్తున్నప్పుడు తీగ మీద ఏదో తక్కువైందనిపించి, ఏమిటా అని చాలాసేపు ఆలోచిస్తే అప్పుడు తట్టింది. అల్మారా అడుగు అరలో ఉన్నాయి, చక్కగా మడతపెట్టి. ఆవిడ వాటిని తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టి, ఉన్నచోటే పెట్టింది. కోపం రాలేదు. రాలేదనే అనుకుంది.

కన్నంలోకి పిల్లగొట్టం దూర్చాలంటే కళ్ళజోడు కావాలి. మెడలో వేలాడుతున్నది తీసి పెట్టుకుంది, గొట్టం గీతలు గీతలుగా స్పష్టంగా కనబడింది. ఈ కళ్ళజోడు అతను చేసిందే. కోడలే బలవంతాన తీసుకెళ్ళింది, అత్తయ్యా మీరు సూదిని దీపానికి ఆనించి మరీ చూస్తున్నారు అని. ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అందులో అద్దాలు ఒకటి తీసి ఒకటి వేస్తూ, ఇది బాగుందా, ఇదా అని అడిగాడు. ఆవిడ, మొదటిదే బాగుంది, కాదు రెండోది, ఏదైనా ఒకటేలే నాయనా, అక్షరాలు ఎలాగూ అవేగా, అంది. కోడలు నవ్వింది. అతను ఆ నవ్వు వినడానికి ఒక్క క్షణం చేతిలో అద్దం చేతిలోనే పెట్టుకుని ఆగిపోయాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆవిడ, కనబడని కళ్ళతోనే ఆ సంగతి కనిపెట్టింది. చట్రం వదులైందని ఒకసారి, బిగుతైందని ఒకసారి కోడలు వెంటబెట్టుకెళ్ళింది. ఆ తర్వాతోసారి అసలు ఏ లోపమూ లేదు, అయినా వెళ్ళారు, అతను కూడా ఏ లోపమూ లేని చట్రాన్ని చాలాసేపు సరిచేశాడు. నెమ్మదైన మనిషి. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. అతని మీద వంక పెట్టాలంటే ఏదైనా వెతకాలి. ఆవిడ వెతికింది కూడా, దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేదో.

అతనుండేది దుకాణం పైన, ఒకే గది. పెళ్ళయితే ఇక్కడికే వస్తాడు. రావాలి కూడా, ల్యాబుకు దగ్గర, అద్దె ఇద్దరూ పంచుకోవచ్చు. అలా అనుకున్నప్పుడే ఆవిడకు తను వెళ్ళిపోవాలని తోచింది. కొత్తగా కాపురం పెట్టుకునేవాళ్ళ మధ్య, చనిపోయిన మొదటి మొగుడి తల్లి, మంచం మీద ఎక్కువైన దిండులాగా ఎందుకు? కోడలు వద్దంటుంది, ఉండమంటుంది, నిజంగానే అంటుంది, ఆ అమ్మాయి నోట అబద్ధం రాదు. అందుకే చెప్పకుండా అన్నీ అమర్చేసి ఆఖరి నిమిషంలో చెప్పాలని. బట్టలు సగం సర్దింది. కుట్టుమిషను ఇక్కడే ఉండనీ అనుకుంది. మిగిలింది ఈ మొక్కలే. ఇదివరకు ఒకసారి ఆవిడ అక్క దగ్గర వారం రోజులుండి వచ్చేసరికి, కోడలు మొదట్లో మర్చిపోయి, చివర్లో భయపడి బకెట్లు గుమ్మరించి, సగం మొక్కల్ని ఎండగట్టి సగం మొక్కల్ని ముంచేసింది. రక్తం చుక్కకి చుక్క కొలిచే పిల్లకి నీళ్ళు కొలవడం రాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మొక్కలకు అడగడం ఎక్కడొచ్చు. కాబట్టి డ్రిప్పు. మోకాళ్ళతో నీళ్ళడబ్బా మోయలేకపోతున్నానమ్మా అని చెప్పింది కోడలికి. అదేమీ అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజం చెప్పేవాళ్ళకు నిద్ర బాగానే పడుతుంది, పూర్తి అబద్ధం చెప్పేవాళ్ళలా కాదు, అని అక్క అనేది చిన్నప్పుడు. అక్కకి అన్నిటికీ ఒక మాట ఉంటుంది. వచ్చెయ్యవే, ఇద్దరం ఒకే గదిలో పోట్లాడుకుంటూ పడుందాం, అంది ఫోన్‌లో. ఆ తరువాత గొంతు మార్చి, నీది పెద్ద మనసే, అంది. ఆ మాట దగ్గర ఆవిడకు చెవి చురుక్కుమంది, ఫోను ఇటుచెవి నుంచి అటుచెవికి మార్చుకుంది.

అన్ని మూతులూ బిగించి, కుళాయికి టైమరు పెట్టె తగిలించాక ఆవిడ ప్రతి మూతి కిందా ఒక కప్పు పెట్టింది. ఇంట్లో ఉన్న టీ కప్పులన్నీ, గ్లాసులు, కొలతల గిన్నె, చివరికి ఉప్పుడబ్బా మూత కూడా. కుళాయి తిప్పింది. గొట్టం ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది, లోపల గాలి తుస్సుమంది, కుళాయి దగ్గరి నిమ్మతొట్టి కప్పులో మొదటి బొట్టు పడింది. పడిందనుకునేలోపు ధారైపోయింది. తరువాత పుదీనా, తరువాత కలబంద. స్టాండు పై మెట్టు మీది ఫెర్నులకు బొట్టు బొట్టుగా, అదీ ఆలోచించుకుని ఆలోచించుకుని. చివరనున్న రబ్బరు మొక్క కప్పులో తడి కూడా లేదు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా. దగ్గరున్నవాళ్ళు కడుపునిండా తాగితే దూరాన ఉన్నవాళ్ళకు గొంతు తడవదు, పైనున్నవాళ్ళకు ఎక్కదు, కిందున్నవాళ్ళకు ఆగదు. కుళాయి కట్టేసినా, గొట్టంలో మిగిలిన నీళ్ళన్నీ నేల మీది బొమ్మల బకెట్‌లోకే కారాయి. ఆవిడ కప్పులన్నీ చుట్టూ చూసింది. నిండినవి, సగం నిండినవి, ఖాళీవి. ముక్కాలిపీట జరుపుకుంటూ జరుపుకుంటూ మూతులు తిప్పసాగింది. ముందువి బిగించి, పైవి వదులు చేసి. మళ్ళీ నీళ్ళు వదిలింది. ఈసారి నిమ్మ తగ్గింది, ఫెర్ను పెరిగింది, రబ్బరు మొక్కకు మాత్రం ఏదో మర్యాదకి వచ్చినట్టు నాలుగు బొట్లు.

ఈ పీట మీదే కదా వాడు కూర్చునేవాడు, పని నుంచి వచ్చాక, గ్రీజు చేతులు కడుక్కోకముందే. పెళ్ళయ్యాక ఇక్కడే అతనూ కూర్చుంటాడు. వేరే చోటేముంది ఈ బాల్కనీలో. కోడలు లోపలినుంచి ఏదో అంటుంది, అతను నవ్వుతాడు. అతని నవ్వు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు, మెల్లిగా, గొంతులోనే. ఆ నవ్వు ఈ పీట మీదినుంచి, ఈ కుండీల మధ్యనుంచి వస్తుంది, వంటగదిలో తను వింటుంది.  లేదు. నా వల్ల కాదు. ఆ మాట బయటికే అనేసిందేమో కూడా, ఎవరూ లేరు గనక తెలియలేదు. చేతిలో మూతి అలాగే ఉండిపోయింది. పెద్ద మనసూ కాదు, పాడూ కాదు. వాళ్ళకి అడ్డం కాకూడదని కాదు తను వెళ్ళిపోతున్నది. ఆ అమ్మాయి సుఖంగా ఉండటం చూడలేక. తన కొడుకు చొక్కా విప్పేసి మరొకరి కోసం కొత్త చొక్కా తొడుక్కుంటుంటే పక్కగదిలో ఊపిరి పీల్చలేక. కోపం రాలేదనుకుంది చూడూ, వచ్చింది. తీగ మీద చొక్కాలు తగ్గిన రోజే వచ్చింది, వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంది, అతిథని తను పొరబడి మర్యాదలు చేసింది. కోపమేమిటి, ఆ పిల్ల ఏం తప్పు చేసిందని? ఏ తప్పూ లేదు. ముప్పై అయిదేళ్ళు నిండని పిల్ల. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో వాడి కాళ్ళు పడుతూ నిద్రపోయిన పిల్ల. వాడు పోయాక, మీ ఇంటికి వెళ్ళిపోమ్మా అంటే, ఇది కాదా అని అడిగిన పిల్ల. అన్నీ తెలుసు. తెలిసినా కోపం తెలివిని లెక్కచేస్తుందా.

చాలాసేపు ఆవిడ ఏ పనీ చేయలేదు. కింద వీధిలో ఎవరో ఇనుప షట్టరు దించుతున్న చప్పుడు, ఎదురింటి మిద్దె మీద పావురాలు. తరువాత, ఏడవడానికీ ఏమీ లేక, చేతులకు పనిచ్చింది. డ్రిప్పు సామాను అమ్మినతను ఇంకో మాట కూడా చెప్పాడు, చివర దాకా నీళ్ళు అందకపోతే గొట్టం కొసని మూసేయకుండా తిప్పి మళ్ళీ మొదటికే కలిపేయండి, అప్పుడు నీళ్ళు రెండు వైపుల నుంచీ వస్తాయి, అని. అప్పుడు విననట్టే ఊరుకుంది, అదనపు ముక్కలు అంటగడుతున్నాడని. ఇప్పుడు ఆ ముక్కలే వెతికి తీసింది. కొస బిరడా పీకింది, కటకటాల వెంట గొట్టాన్ని వెనక్కి తెచ్చి, కుళాయి దగ్గర మూడుదారుల బిగింపు వేసి అందులోకి నెట్టింది. కప్పులు వంపి మళ్ళీ పెట్టింది. కుళాయి తిప్పి రబ్బరు మొక్క దగ్గరికి పీట జరుపుకుని కూర్చుంది. మూతి దగ్గర ఒక బొట్టు ఊరింది, పెద్దదైంది, పడింది. దాని వెనక ఇంకొకటి. నిమ్మ దగ్గర ఎంత వేగమో ఇక్కడా అంతే. కళ్ళజోడు తీసి తుడుచుకుని చూసింది, అంతే. అలా చూస్తుండగానే తలుపు తాళం తిరిగింది.

కోడలు బాల్కనీ గుమ్మంలోకి వచ్చి ఆగింది. టీ కప్పుల్ని చూసింది, గొట్టాన్ని కుళాయి నుంచి కుళాయి దాకా కళ్ళతో ఒక చుట్టు చుట్టి వచ్చింది, కుళాయికి తగిలించిన టైమరు పెట్టె దగ్గర చూపు నిలిపింది. అది రోజూ దానంతటదే తిరుగుతుందా అని అడిగింది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎప్పుడైనా బ్యాటరీ మారిస్తే చాలు, అంది ఆవిడ. ఇంట్లో మనిషి లేకపోయినా తిరుగుతుందా, అంది కోడలు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ వెంటనే, లేకపోవడమేముంది, నువ్వుంటావుగా, అంది. అనేశాక నాలుక కరుచుకుంది.

"అత్తయ్యా, మీరెక్కడికి వెళ్తున్నారు?"

బొట్లు పడుతూనే ఉన్నాయి. మోకాలి డాక్టరు, అక్కకి ఒంట్లో బాగోలేకపోవడం, ఇలాంటివి రెండు మూడు నోటిదాకా వచ్చాయి. అక్క దగ్గరికి అంది, ఆదివారం అంది, ఇక అక్కడే ఉంటానంది.

"నాకోసమా?"

జవాబు తయారుగా ఉంది. తలూపితే చాలు. ఆ అమ్మాయి ఏడుస్తుంది, తను ఓదారుస్తుంది, జీవితాంతం పెద్ద మనసుతో బతకొచ్చు.

"కాదు," అంది ఆవిడ. "అతను మంచివాడన్నాను చూడు, అది నిజమే. కానీ అతను ఈ ఇంట్లో నవ్వుతుంటే నేను వినలేనమ్మా. నీ మీద కోపమొస్తుంది. రాకూడదు, తెలుసు. అయినా వస్తోంది. అది నోటిదాకా రాకముందే వెళ్ళిపోదామనుకున్నా."

కోడలు బయటికి వేసుకెళ్ళిన మంచి బట్టలతోనే, ఒలికిన నీళ్ళ మీదే, గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న కప్పు నిండి పొర్లుతుంటే దాన్ని తీసి కలబందలో వంపి మళ్ళీ అక్కడే పెట్టింది.

"నాకూ వస్తుంది," అంది. "ఆయన బాగా మాట్లాడుతున్నప్పుడే, ఉన్నట్టుండి. అసలు నువ్వెవరివి నా ఎదురుగా కూర్చోడానికి, అనిపిస్తుంది. ఇవాళా అనిపించింది. ఆ మాట ఆయనకే చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"కోపం వచ్చినప్పుడల్లా నాకు చెప్పండి, లోపల పెట్టుకోకండి, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను. అన్నిటికీ."

ఆవిడ నొప్పి కోసం ఎదురుచూసింది. వచ్చింది. అయితే అనుకున్నంత ఒంటరిగా రాలేదు. ఈ పిల్లకీ ఉందా ఇది, ఇన్నాళ్ళూ పక్కపక్క గదుల్లో ఇద్దరం ఒకే జబ్బు పడి ఒకరికి తెలియకుండా ఒకరం కషాయం దాచుకున్నామా అనిపించి, ఎందుకో ఊపిరి పూర్తిగా తీసుకోగలిగింది. కోడలు చెబుతోంది, రిజిస్ట్రారు దగ్గర పెళ్ళికి తన తరఫున సాక్షి సంతకం కావాలట, వాళ్ళమ్మ రానని ఖండితంగా చెప్పేసిందట, దారంతా అత్తయ్యని ఎలా అడగాలా అని ఆలోచించుకుంటూ వచ్చిందట, ఇప్పుడింక అడగదట. ఎప్పుడు అని అడిగింది ఆవిడ. వచ్చే నెల మొదట్లో.

ఆవిడ కుళాయి కట్టేసింది. తను ఆదివారం వెళ్ళడం వెళ్ళడమే అని చెప్పింది, కోడలు తలూపింది. ఆ రోజుకు మాత్రం వస్తానంది. సంతకం పెడతానంది.

"ఏడుస్తానేమో. అతనేమీ అనుకోవద్దని ముందే చెప్పి ఉంచు."

"నేనూ ఏడుస్తాను లెండి. ఆయన చూసుకుంటూ కూర్చుంటాడు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, అది నవ్వుగానే చాలాసేపు నిలవలేదు, కోడలు ముఖం అటు తిప్పుకుంది. లేచి, కప్పులు ఒక్కొక్కటీ తీసి వంపుతూ వచ్చింది. అన్నిట్లో ఇంచుమించు ఒకే మట్టం. ఆదివారం బస్టాండుకు తను దింపుతానని, సామాను ఎక్కువుంటే ఆయన కూడా వస్తానంటాడని, అంటూ ఆగింది.

"నువ్వొక్కదానివే రా అమ్మా," అంది ఆవిడ. "అతన్ని తీసుకురాకు. ఇప్పుడే వద్దు."

ఇప్పుడే అన్న మాట అనాలని ఆవిడ అనుకోలేదు. అదంతటదే వచ్చింది. కోడలు కప్పు పట్టుకుని ఆవిడ వంక చూసింది. ఆవిడ ఆ మాటని వెనక్కి తీసుకోలేదు.